నూరు గ్రాముల న్యాయము

నియమము కఠినముగా నుండుట యన్యాయమా? లేక ఒకే నియమము కొందఱికి కఠినముగను, కొందఱికి మెత్తగను నుండుట యన్యాయమా? ఈ రెండు ప్రశ్నలును కవలపిల్లలవలె గానవచ్చును. అందుచేతనే మనము తఱచుగా నొకదానికి జెప్పవలసిన సమాధానమును రెండవదానికి జెప్పుచుందుము. 2024వ సంవత్సరము ఆగస్టు నెలలో వినేశ్ ఫోగాట్ అను మల్లయోధురాలు, పారిస్ నగరపు ఒలింపిక్ క్రీడలలో నూరు గ్రాముల బరువు హెచ్చుగా నున్నదన్న కారణమున, తుది పోరాటమునుండి తొలగింపబడినపుడు దేశమంతయు దుఃఖించెను. నేనును దుఃఖించితిని. ఆ దుఃఖమున దోషము లేదు. కాని ఆ దుఃఖములో మన మడిగిన ప్రశ్న సరియైనదేనా యని విచారింపవలసి యున్నది.

ఈ విచారము నాకు గలిగినది పత్రికలు చదువుటచేత గాదు, వడ్లరాసి యొద్ద. ఆ సంవత్సరమే వానకాలపు పంట కోతలు ముగియు దినములలో నేను నల్లగొండ జిల్లా నార్కట్‌పల్లికి బోయి యుంటిని. హైదరాబాదునుండి విజయవాడకు బోవు పెద్ద బాటనుండి అద్దంకి బాట చీలునది యచ్చటనే. సమీపమున చెరువుగట్టు రామలింగేశ్వరుని కొండ. ఆ ప్రాంతమున నెచ్చట జూచినను పట్టాలమీద వడ్లు రాసులుగా నుండెను. ఒకచోట ఒక వృద్ధురాలు వడ్లను కాళ్ళతో చాళ్ళు చాళ్ళుగా త్రొక్కుచు నెండబెట్టుచుండెను. ప్రభుత్వము కొను వడ్లలో తేమ నూటికి 17 పాళ్ళు మించరాదని నియమము గలదు. ముందటి దినమున యంత్రము ఆమె వడ్లకు 18 చూపినదట. ఆ యొక్క పాలు కొఱకు ఆమె మఱియొక దినమెల్ల ఎండలో నిలువవలసి వచ్చెను.

ఒక్క పాలే గదా, వారు చూచియు జూడనట్లు పోరాదా యని నేనడిగితిని. ఆమె త్రొక్కుట మానక యిట్లనెను: "ఎట్ల పోతరు బిడ్డా? ఇయ్యాల నా వడ్లకు ఇడిసిపెడితె, రేపు ఇంకొగల పచ్చివడ్లకు సుత ఇడిసిపెట్టాలె. మిషిని అందరికి ఒక్కతీరుగ జెప్పాలె, గంతే. ఎండకు నేనేం ఏడ్వ. పోయినేడు ఇంకో ఊర్ల ఒక పెద్దమనిషి వడ్లకు మిషినే పెట్టలే. గదానికి ఏడ్సిన."

మూడు నెలలుగా నా మనస్సున ముడివడి యున్న సంగతిని ఆ ముసలమ్మ మూడు మాటలలో విప్పినది. చదువరులు ఆమె మాటను జ్ఞాపకముంచుకొని నాతో బారిసు నగరమునకు రావలయునని ప్రార్థించుచున్నాను.

వినేశ్ 1994లో హర్యానా రాష్ట్రమందలి బలాలి గ్రామమున జన్మించెను. బాల్యముననే తండ్రి హత్యకు గుఱియయ్యెను. పెదతండ్రియైన మహావీర్ సింగ్ ఫోగాట్ తన కుమార్తెలతోబాటు ఆమెకును కుస్తీ నేర్పెను. ఆడుపిల్లలు గోదాలో దిగుట యచ్చటి పల్లెలకు గ్రొత్త. ఆమె 2014, 2018, 2022 సంవత్సరముల కామన్‌వెల్తు క్రీడలలో మూడుమాఱులు స్వర్ణపతకము గెలిచెను. 2018లో జకార్తా నగరమున జరిగిన ఆసియా క్రీడలలో స్వర్ణపతకము పొందిన మొదటి భారతీయ మల్లయోధురాలు ఆమెయే. 2019, 2022 సంవత్సరముల ప్రపంచ పోటీలలో కాంస్యపతకములు గొనెను. ఒలింపిక్ క్రీడలు మాత్రము ఆమెకు గలిసి రాలేదు. 2016లో రియో నగరమున పోరాటము నడుమ మోకాలు దెబ్బతిని, గోదానుండి మోయబడి వెలుపలికి వచ్చెను. 2021లో టోక్యో నగరమునను పతకము దక్కలేదు.

పారిస్‌లో 2024 ఆగస్టు 6వ తేదీన ఆమె యొక్క దినముననే మువ్వురిని గెలిచెను. వారిలో మొదటిది జపాను దేశపు యుయి సుసాకీ. టోక్యోలో స్వర్ణపతకము పొందినది. అంతవఱకు అంతర్జాతీయ పోటీలలో 82 కుస్తీలు పట్టి యొక్కటియు నోడనిది. అట్టి దానిని వినేశ్ చివరి క్షణములలో బడగొట్టి 3–2 గుణములతో గెలిచెను. పిమ్మట ఉక్రెయిను దేశపు ఒక్సానా లీవచ్‌ను 7–5తోను, క్యూబా దేశపు యుస్నేలిస్ గుజ్‌మాన్‌ను 5–0తోను జయించెను. ఒలింపిక్ క్రీడలలో తుది పోరాటమునకు జేరిన మొదటి భారతీయ మల్లయోధురాలయ్యెను. మఱునాటి యుదయమున త్రాసు 50 కిలోలకు బదులు 50.1 చూపెను.

కుస్తీ యెఱుగని చదువరులకు ఈ త్రాసు సంగతి కొంచెము విప్పి చెప్పవలసి యున్నది. స్త్రీలకు ఒలింపిక్ క్రీడలలో గల కుస్తీ స్వేచ్ఛాకుస్తీ యొక్కటియే. ఇందు ప్రత్యర్థి కాళ్ళనుగూడ పట్టవచ్చును. మూడేసి నిమిషములు రెండు విడతలు. ప్రత్యర్థి రెండు భుజములును నేల నంటించినచో గెలుపు. కానిచో గుణములను లెక్కింతురు. ఇట్టి పోరున బరువే బలము. అందుచేత పోటీపడువారిని 50, 53, 57, 62, 68, 76 కిలోల తరగతులుగా విభజించిరి. పూర్వము పోటీకి ముందటి సాయంకాలము తూచెడివారు. అపుడు జెట్టీలు దేహమందలి నీటిని పిండుకొని త్రాసెక్కి, పిమ్మట రాత్రియంతయు దిని త్రాగి, మఱునాడు హెచ్చు బరువుతో గోదాలో దిగుచుండిరి. దానిని మాన్పుటకై 2018నుండి పోటీ జరుగు రెండు దినములును ఉదయముననే తూచు నియమము వచ్చెను. రెండవ దినమున తప్పినవారు మొదటి దినపు గెలుపులనుగూడ గోల్పోయి చిట్టచివరి స్థానమున నిలుతురు.

మూడు కుస్తీల నడుమ స్వల్పముగా గొన్న యాహారముచేతను, నీటిచేతను వినేశ్ బరువు మేరకంటె 2.7 కిలోలు పెరిగెను. ఆ రాత్రి యామె నిదురలేక వ్యాయామము చేసెను, ఆవిరిగదిలో గూర్చుండెను, తుదకు తలవెండ్రుకలు గత్తిరించి, దుస్తులను కుఱుచ చేసిరి. మిగిలినది నూరు గ్రాములు. రెండు గ్రుక్కల నీరు. నార్కట్‌పల్లి ముసలమ్మ వడ్లలో నిలిచిపోయినదియు నీరే.

ఇపుడు ప్రశ్న. నూరు గ్రాములకై యింత పెద్ద శిక్షయా? కొంచెము సడలించినచో లోకము మునుగునా? అనేకులిట్లడిగిరి. సడలింపు గోరువారు ఒక సంగతి మఱచిరి. వినేశ్ తొలగింపబడగా తుది పోరాటమునకు వెళ్ళినది ఆమెచేత నోడిన గుజ్‌మాన్. ఆమెయు నదే త్రాసెక్కినది. ఆమెయు నదే యాకలి నోర్చినది. తన సంచిలోనిది తీసి యిచ్చువాడు దయాళువు. కాని న్యాయాధిపతి యొకరికి జూపు దయ మఱియొకరి సంచిలోనుండి తీసినదగును. సరిగా 50 కిలోలకు లోబడి నిలిచిన ప్రతి స్త్రీయు నా సడలింపునకు వెల చెల్లింపవలసి వచ్చును. నూటికి సడలించినచో నూట యేబదికి నేల సడలింపరు? గీత యెచ్చటనో యొకచోట గీయక తప్పదు. గీచినపిమ్మట దానికి కనికరము నేర్పరాదు. నేర్పితిమా, అది బలవంతుల మాటయే వినును.

మన హృదయములను బరీక్షించుటకు సులభమైన మార్గ మొకటి గలదు. ఆ యుదయమున క్యూబా వనిత నూరు గ్రాములు మించి, మన వినేశ్ ముందటి దినమున ఆమెచేత నోడి యున్నచో మనమేమని యుందుము? "నియమము నియమమే" యని యుండమా? ఏ న్యాయమును మనవారు నష్టపడినపుడు క్రూరమందుమో, పరులు నష్టపడినపుడు ధర్మమందుమో, దానిని గూర్చి మనకు గల యభిప్రాయము న్యాయాభిప్రాయము గాదు, అభిమానము మాత్రమే.

అయినను నియమము సరిగా నమలుపఱుపబడినది గనుక నియమమే సరియైనదని నే ననుట లేదు. మొదటి దినమున వినేశ్ త్రాసునకు లోబడియే గెలిచినది. ఆ గెలుపులను సైతము తుడిచివేయుట యవసరమా? రజతపతకమైనను గలిపి యిమ్మని యామె క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానమును వేడినపుడు, మధ్యవర్తి ఆగస్టు 14న ఆ ప్రార్థనను ద్రోసిపుచ్చుచునే, ఏ తప్పుడు పనియు జేయని క్రీడాకారిణికి ఈ ఫలితము మిక్కిలి కఠోరమని తన తీర్పులో నొప్పుకొనెను. ఇది వివేకముగల మార్గము. చెడ్డ నియమమును రేపటివారందఱి కొఱకు మార్చవలెను. నేటి మనవారొక్కరి కొఱకు వంచరాదు. మార్చుట సంస్కారము, వంచుట పక్షపాతము.

ఇంతవఱకు విని చదువరులు, "అట్లయిన వినేశ్‌కు అన్యాయము జరుగలేదా?" యని యడుగవచ్చును. జరిగినది. కాని పారిస్ త్రాసుమీద గాదు. తూచువా రుండియు తూచని చోట జరిగినది.

2023 జనవరి 18వ తేదీన వినేశును, రియో క్రీడలలో కాంస్యపతకము గెలిచిన సాక్షీ మలిక్కును, బజరంగ్ పునియా మొదలగు మల్లులును ఢిల్లీలో జంతర్ మంతర్ యొద్ద బహిరంగముగా గూర్చుండిరి. దేశపు కుస్తీ సమాఖ్య యధ్యక్షుడు స్త్రీలపట్ల లైంగికముగా నసభ్యముగా బ్రవర్తించెనని వారి యభియోగము. ఆయన దానిని నిరాకరించెను. ఏప్రిల్ 23న వారు మరల వీథిలో గూర్చుండవలసి వచ్చెను. బాలిక యొకతె సహితముగా ఏడుగురు స్త్రీలు ఫిర్యాదు చేసినను కేసు నమోదు కాలేదని సుప్రీం కోర్టునకు బోయిరి. పిమ్మటనే, ఏప్రిల్ 28న, పోలీసులు కేసులు నమోదు చేసిరి. మే 28న నూతన పార్లమెంటు భవనమువైపు నడువబోయిన ఆ స్త్రీలను పోలీసు లీడ్చి నిర్బంధించిరి. 2024 మే నెలలో ఢిల్లీ న్యాయస్థానము అధ్యక్షునిపై నభియోగములు మోపెను. బాలిక ఫిర్యాదు మాత్రము 2025లో న్యాయస్థానము మూసివేసెను. సత్యాసత్యములను దేల్చుట న్యాయస్థానముల పని; నాది గాదు. నేను జెప్పునది దానికి ముందటి సంగతి. ఆ స్త్రీలు తమ మాట నమ్ముడని యడుగుటకు ముందు, దానిని త్రాసులో వేయుడని యడిగిరి. పాళ్ళు హెచ్చో తక్కువయో యంత్రము చెప్పును; కాని ముందు యంత్రము పెట్టవలెను గదా!

ఈ రెండు సంగతులు వేఱు వేఱు గావు. వినేశ్ సహజముగా 53 కిలోల తరగతిలో బోరాడునది. 2023లో వీథిలో గడచిన మాసములకు దోడు ఆగస్టులో మోకాలికి శస్త్రచికిత్స జరిగెను. ఆ సెప్టెంబరులో ప్రపంచ పోటీలయందు 53 కిలోల తరగతిలో కాంస్యము గెలిచి, దేశము పక్షమున ఆ స్థానమును సంపాదించినది అంతిమ్ పంఘాల్ అను యువతి. అంతట వినేశ్ 50 కిలోల తరగతికి దిగెను. పారిస్ త్రాసు చూపిన నూరు గ్రాములలో, ఢిల్లీలో ఫిర్యాదు తూగక నిలిచిన మాసముల బరువుగూడ గొంత గలదేమో చదువరులే యాలోచింపుడు. పారిస్ నగరపు నూరు గ్రాములకై కన్నీరు గార్చినవారిలో నెంద ఱానాడు జంతర్ మంతర్ యొద్ద గూర్చున్న స్త్రీల కొఱకు ఒక యుత్తరమైనను వ్రాసిరి? ఈ ప్రశ్న ముందుగా నన్ను నేనే యడుగుకొని తల వంచుకొంటిని.

మన తెలుగు నాటి ఉదాహరణ మొకటి చెప్పెదను. 2000 సంవత్సరములో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో మొదటిసారిగా స్త్రీలను బరువులెత్తు పోటీలకు రానిచ్చిరి. పురుషుల కుస్తీ 1896లో ఏథెన్సు నగరమున ఒలింపిక్ క్రీడలలో జేరగా, స్త్రీల కుస్తీ 2004లో నదే నగరమున జేరుటకు 108 ఏండ్లు పట్టినది. సిడ్నీలో శ్రీకాకుళము జిల్లా ఊసవానిపేటకు జెందిన కరణం మల్లీశ్వరి 69 కిలోల తరగతిలో 110, 130 కిలోలు ఎత్తి, మొత్తము 240 కిలోలతో కాంస్యపతకము గెలిచెను. ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారతీయ మహిళ ఆమెయే. ఆ పోటీలో మొదటి యిద్దఱును సమానముగా 242.5 కిలోలు ఎత్తిరి. వారిలో దేహపు బరువు తక్కువయైన చైనా వనితకు స్వర్ణమును, హంగేరీ వనితకు రజతమును లభించెను. అచ్చటగూడ త్రాసే తీర్పు చెప్పినది. ఆ త్రాసు మల్లీశ్వరిని నీ వెవరి కుమార్తెవని యడుగలేదు, కట్నమెంత యని యడుగలేదు, రంగు చూడలేదు. 240 అని మాత్రము చెప్పినది. ఆ యంకెను ప్రపంచములో నెవరును కాదనలేరు.

పేదయింటి యాడుపిల్లలు గోదాలవైపు నేల పరుగిడుచున్నారో యిపుడు మనకు బోధపడును. పుట్టినది మొదలు ఇతరుల యంచనాలచేత కొలువబడుచు వచ్చిన పిల్లకు, మొగమాట మెఱుగని త్రాసు శత్రువు గాదు, మొదటి స్నేహితురాలు. నియమము కఠినముగా నున్నందుకు ఆమె యేడ్వదు. ఇంటిలో నొక నియమము, వీథిలో నొక నియమము, అన్నకొకటి, తనకొకటి యున్నందుకు ఏడ్చును.

స్త్రీకి కుస్తీ యేల, కోమలత్వము గోల్పోదా యని యింకను సణుగువారు గలరు. వారిని నల్లగొండ ప్రాంతపు మడులయొద్దకు దీసికొనిపోయి చూపవలెనని నా కోరిక. ఉదయమునుండి సాయంకాలము వఱకు నడుము వంచి నాటువేయు స్త్రీలయందు, కట్టెలమోపు నెత్తినబెట్టుకొని గట్టెక్కు స్త్రీలయందు వీరికి కోమలత్వలోప మెన్నడును గానరాలేదు. స్త్రీ బల మితరులకు సేవ చేయునంతవఱకు స్వభావమట. తన కొఱకు, తన పేరిట ప్రయోగించినంతనే వికృతియట! ఇదిగూడ రెండు త్రాసుల వ్యవహారమే గాని వేఱు గాదు.

ఢిల్లీని, పారిస్‌ను నిందించుట సులభము. మన వంటయిండ్లలోని త్రాసు మాట యేమి? కుమారుని కంచములో మీగడ పెరుగును, కుమార్తె కంచములో మజ్జిగయు వడ్డించు చేయి మనదే. కుమారుడు ప్రొద్దుపోయి వచ్చిననాడు మన గడియారము నిదురించును. కుమార్తె వచ్చిననాడు మేలుకొని నిమిషములు లెక్కించును. కుమారునిపై దోష మారోపించిన పొరుగువానితో "సాక్ష్యమేమి?" అని తగవులాడుదుము, కుమార్తె వచ్చి ఫలానావాడు నాతో నిట్లు ప్రవర్తించెనని చెప్పినచో "నీ వేల అక్కడకు బోయితివి?" అని యామెనే తూచుదుము. చదువుకున్న యిండ్లలో నిట్లు జరుగదనుకొనరాదు. చదువుకున్నవారు త్రాసును దాచుట యెఱుగుదురు, అంతే భేదము. ఆడుపిల్లలను బలవంతులను జేయుడని బోధించు పత్రికలును, సభలును నేడు కొల్లలుగా నున్నవి. బలము వారికి గలదు. కావలసినది వారి మాటను, వారి పనిని, వారి కంచమును సోదరులదానితో సమానముగా దూచు చేయి. అట్టి చేయి కఠినమైనను వారు క్షమింతురు.

ఆనాటి సాయంకాలము నార్కట్‌పల్లి ప్రాంతమున నీడలు పొడుగగు వేళకు ఆ ముసలమ్మ వడ్లకు మరల యంత్రము పెట్టిరి. పదియారున్నర చూపినది. ఆమె సంతోషముతో గంతులు వేయలేదు. పట్టా కొంగులు మడిచి, నడుము పట్టుకొని నిలిచి, ప్రక్కరాసివైపు జూచెను. ఆ రాసి యొక పెద్ద భూస్వామిదట. దానికిని యంత్రము పెట్టిరి. పందొమ్మిది చూపగా, మఱునాడు రమ్మనిరి. అపు డామె మొగమున నొక తృప్తి కనబడెను. ఒరుల నష్టమునకు సంతోషించినదని నేను తలపలేదు. తన యెండ వ్యర్థము గాలేదని యామెకు దెలిసినది.